ముగ్గురే, ఊరంతా వినాలి

1992 మార్చిలో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు బెల్‌విల్ అనే ఊరి కుర్రాళ్లు జార్జియాలోని ఏథెన్స్ వెళ్లి, అయిదు రోజుల్లో ఒక ఆల్బమ్ రికార్డు చేసుకొచ్చారు. బృందం పేరు అంకుల్ టుపెలో. ఆల్బమ్ పేరు కోసం బుర్ర బద్దలుకొట్టుకోలేదు, ఆ తేదీలనే పెట్టేశారు: ‘మార్చ్ 16–20, 1992’. ఆర్.ఇ.ఎమ్. బృందంలోని పీటర్ బక్ నిర్మాత, విడుదల చేసింది రాక్‌విల్ అనే చిన్న కంపెనీ. అప్పుడు కుర్రకారంతా నిర్వాణా అనే రాక్ బృందం మోతలో ఊగుతోంది. వీళ్లేమో ఎలక్ట్రిక్ గిటార్లు దాదాపుగా పక్కన పెట్టి, మామూలు గిటారు, బాంజో, మాండొలిన్‌లతో బొగ్గుగని కూలీల పాత పాటలూ, తాము కొత్తగా కట్టినవీ కలిపి పాడారు. నాష్‌విల్‌లో మెరుగులు దిద్ది అమ్మే కంట్రీ పాట మీద అలిగి బయటికొచ్చిన ఈ ధోరణినే ఆల్ట్ కంట్రీ అంటున్నారు.

జే ఫరార్, జెఫ్ ట్వీడీ, మైక్ హైడోర్న్. బృందం ముగ్గురే. సాయానికి కొందరు పక్క వాయిద్యాలు పట్టారంతే. ధవళేశ్వరంలో కూర్చుని ఈ ఆల్బమ్ వింటే నాకు బుర్రకథ తడుతుంది. అదీ ముగ్గురి ఆటే, కానీ లెక్క కుదిరిందని మాత్రమే కాదు. అటూ ఇటూ కూడా పాత బాణీ తీసుకుని అందులో ఇవాళ్టి కష్టాన్ని పోశారు. అటూ ఇటూ కూడా శబ్దం తక్కువ, ఖాళీ ఎక్కువ.

ఆ ఖాళీ ఎలా పుడుతుందో చూడాలి. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, వేలికి అందె. కచేరీలో తంబురా శ్రుతి కోసం వెనకాల ఉంటుంది. ఇక్కడ అది ముందుకొచ్చి దరువు కూడా వేస్తుంది. అందెకు అందె తగిలినప్పుడల్లా తాళం. అటొకరు ఇటొకరు వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. కొన్నిచోట్ల వాటినే గుమ్మెటలంటారు. కాళ్లకి గజ్జెలు. ఇంతే సరంజామా. కథకుడు పాడేటప్పుడు డక్కీ తగ్గుతుంది, పాట చివర ‘తందాన’ అని వంతలు అందుకోగానే లేస్తుంది. పాట ఆగి మాట మొదలైతే అన్నీ ఆగిపోతాయి. ఒక్కోసారి గజ్జె కూడా మోగదు. ఆ నిశ్శబ్దంలో పడ్డ మాట వెనక వరసలో చాప మీద కూచున్న ముసలమ్మకి సైతం చేరుతుంది.

అడుగులకీ లెక్కుంది. ముగ్గురూ కలిసి ముందుకొస్తారు, వెనక్కి తగ్గుతారు. చూసేవాళ్లకది నాట్యం. మైకులు లేని రోజుల్లో శబ్దాన్ని పెంచడం, తగ్గించడం కూడా దాంతోనే.

ఇక వంతల పని ‘తందాన’ అనడం ఒక్కటే కాదు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. మా ఊరి గోదావరి ఆనకట్టనే కథగా కడితే ఎలా ఉంటుందో ఊహించండి. కథకుడు 1847 ఎత్తుకుంటాడు. కరువులు, వరదలు, కాటన్ దొర, ధవళేశ్వరం కొండ నుంచి రాయి, నాలుగు పాయలకి అడ్డంగా కట్టడం, 1852లో పూర్తి కావడం. వీరావేశంతో ఆయన గొంతు పైస్థాయికి వెళ్లగానే హాస్యపు వంత అడ్డుపడతాడు: “గురువుగారూ, ఆ రాళ్లన్నీ దొరగారే మోశారాండీ?” జనం గొల్లుమంటారు. రెండో వంత నవ్వకుండా అందుకుంటాడు: “నీళ్లొచ్చాయి సరే, పొలం ఎవరిదయిందో అదీ చెప్పండి.” ఇప్పుడు కథకుడు జవాబు చెప్పకుండా ముందుకు పోలేడు. హరికథలో దాసుగారు ఒక్కరే ప్రశ్నా జవాబూ చూసుకుంటారు. బుర్రకథలో నిలదీసేవాడు పక్కనే ఉంటాడు, వాడి చేతిలో డక్కీ కూడా ఉంటుంది.

జంగం కథ, శారద కథ, తందాన కథ అంటూ ఊళ్లు తిరిగిన ఈ ఆటకి కొత్త ఊపిరి పోసినవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. సంగీతం శాస్త్రీయంగా నేర్చి ఆ పట్టుని కథలోకి తెచ్చాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన గొంతుతోనే 1943 నాటి బెంగాల్ కరువునీ చెప్పాడు. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి రోజులవి. మన రాజమండ్రిలో పుట్టిన గరికపాటి రాజారావు ఆ మండలికి పెద్ద దిక్కు. మద్రాసు ప్రభుత్వం మండలి ప్రదర్శనలని నిషేధించింది. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు డక్కీలకి ప్రభుత్వం అంత జడిసిందంటే వాయిద్యాలకి కాదు, వంత అడిగే ప్రశ్నకి. తరవాత 1986లో భారత ప్రభుత్వమే నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చింది. 1997లో ఆయన పోయాడు.

ఇప్పటి సంగతి చెప్పుకుంటే కొంచెం కోపం వస్తుంది. కుటుంబ నియంత్రణ నుంచి మరుగుదొడ్ల దాకా ప్రతి పథకానికీ బుర్రకథ కట్టించారు. కళాకారుడికి నాలుగు డబ్బులు ముట్టాయి, కాదనను. కానీ ఆ కథల్లో వంతకి ప్రశ్న ఉండదు, ‘ఔనౌను’ అనడమే పని. తిరునాళ్లలోనేమో కీబోర్డు, ప్యాడ్ వచ్చి చేరాయి. కీబోర్డు వాయించే కుర్రాడి తప్పు లేదు, అతన్ని పిలిచిందే ఖాళీ నింపమని. మాట ఆగినచోటల్లా ఒక స్వరం సాగుతూనే ఉంటుంది. డక్కీ మోత అందులో మునిగిపోతుంది. ఇక కథకుడు అరవాల్సిందే.

విజయవాడ రేడియోలో బుర్రకథ వస్తే పనులు మానుకుని విన్న తరం ఇంకా ఉంది. ఇప్పుడొక ఆల్బమ్‌గా రికార్డు చెయ్యాలంటే ఆ ఏథెన్స్ పద్ధతే మేలు. ముగ్గురినీ విడివిడి గదుల్లో కూచోబెట్టి ముక్కలుగా పాడించి అతికితే వంత అడ్డుపడే క్షణం చచ్చిపోతుంది. ఒకే గదిలో, ఒకరినొకరు చూసుకుంటూ, నించుని చెప్పాలి. నేల చెక్కదైతే మరీ మంచిది, గజ్జెతో పాటు అడుగు కూడా వినపడుతుంది. కథకుడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు తీసెయ్యకూడదు. ఎదురుగా ఓ పదిమంది శ్రోతలుండాలి, లేకపోతే హాస్యగాడికి దిక్కు తోచదు. అయిదు రోజులు చాలు. ఆ అయిదు రోజులూ కీబోర్డు కుర్రాడికి జీతం ఇచ్చి సెలవివ్వాలి.