జూలై 6 నాటి సూదిమందు

ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల ముందు కుక్కలతో, సంచుల్లో పిల్లులతో జనం వరుస కడతారు. 1885లో అదే రోజున కుక్క కరిచిన తొమ్మిదేళ్ల కుర్రాడికి లూయీ పాశ్చర్ రేబిస్ టీకా వేయించాడు. ఆ గుర్తుగానే ఈ ఉచిత శిబిరాలు. సూది గుచ్చడంలో పనితనమేముంది అనిపించవచ్చు. కానీ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి; ఐస్ పెట్టె మూత మాటిమాటికీ తెరవకూడదు. చుట్టూ అరుపుల మధ్య బెదిరిన కుక్కను యజమాని చేతే పట్టించి, మూతికి గుడ్డపీలిక కట్టించి, మెడ మీది తోలు ఎత్తి క్షణంలో మందు ఎక్కించి, కార్డులో తేదీ వేసి పంపే సిబ్బంది నేర్పు చిన్నది కాదు. పిల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు, దాన్ని తువ్వాలులో చుట్టాల్సిందే.

ఊరికే వేసే మందులో పసేముంటుందని కొందరి అనుమానం. టీకా సత్తా ధరలో ఉండదు, నిల్వలోనూ గడువు తేదీలోనూ ఉంటుంది. ఇంకో అభ్యంతరం బరువైనదే: కరిచేవి వీధికుక్కలైతే పెంపుడువాటికి వేసి ఏం లాభం? నిజమే, శిబిరం ఒక్కటే చాలదు. ఒక ప్రాంతపు కుక్కల్లో 70 శాతానికి టీకా పడితేనే వ్యాప్తి తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గోవాలో వీధికుక్కలను వలలతో పట్టి మరీ ఏటేటా వేశారు. 2021లో రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అయితే మన ఊళ్లలో చాలా కుక్కలు ఒక ఇంటి అన్నం తిని వీధిలో పడుకునేవే. వాటిని వల లేకుండా తీసుకురాగలిగేది అన్నం పెట్టే మనిషే. ఆ మనిషి తనది కాని కుక్క కోసం ప్రైవేటు క్లినిక్కులో డబ్బు కట్టడు. ఉచితమంటే మాత్రం తాడు కట్టి నడిపించుకొస్తాడు.