ఆల్క్విన్ వ్రాసిన విల్లిబ్రోర్డ్ చరిత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఫ్రీసియనుల అపొస్తలుడని సంఘ చరిత్రలో పేరుపొందిన విల్లిబ్రోర్డ్ (సుమారు 658–739) ఉట్రెక్ట్ బిషప్పు, ఎఖ్టర్నాఖ్ మఠాధిపతి. ఆయన చరిత్రను ఆయన బంధువైన ఆల్క్విన్ 797కు ముందు లాటిను భాషలో వచనముగాను పద్యముగాను వ్రాశాడు. వ్రాయమని కోరిన బియోర్న్‌రాడ్ అదే మఠమునకు అధిపతి. కనుక ఇది ముఖ్యముగా మఠవాసుల భక్తివృద్ధి కొరకు వ్రాయబడిన గ్రంథమని గుర్తుంచుకొని చదవవలెను.

ఇందులోని వాల్‌ఖెరెన్ ద్వీప సంఘటన గమనింపదగినది. విల్లిబ్రోర్డ్ అక్కడి విగ్రహమును పగులగొట్టగా, దాని కావలివాడు కత్తితో ఆయన తలపై కొట్టాడు. గాయము కాలేదు. తోటివారు వానిని చంపబోగా ఆయన వారించి విడిచిపెట్టించాడు. ఇంతవరకు ఇది క్షమాపణకు చక్కని సాక్ష్యము. అయితే ఆ కావలివాడు దయ్యము పట్టి మూడవ దినమున చనిపోయాడని ఆల్క్విన్ ముగిస్తాడు. బిషప్పు క్షమించిన వానిని రచయిత క్షమింపలేదు.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. ఈ పరిచర్య ఫ్రాంకు పాలకుడైన పిపిన్ అండతో సాగింది. 714లో పిపిన్ మరణించగానే ఫ్రీసియను రాజు రాడ్బోడ్ తిరిగి బలపడ్డాడు. దేవాలయములు పాడుచేయబడెను, యాజకులు తరుమబడిరి. 716లో అక్కడికి వచ్చిన బోనిఫేస్ ఫలము లేక వెనుదిరిగాడు. ఈ విషాదమును విలిబాల్డ్ వ్రాసిన బోనిఫేస్ చరిత్ర చెప్పుచుండగా, ఆల్క్విన్ పిపిన్ మరణమునుండి నేరుగా చార్లెస్ మార్టెల్ విజయమునకు సాగిపోతాడు. 796లో చార్లెమేన్ పరివారమునకు వ్రాసిన లేఖలలో, విశ్వాసము బలవంతముగా కలిగించునది కాదనియు, బాప్తిస్మమునకు ముందు బోధ అవసరమనియు హెచ్చరించినవాడు ఈ ఆల్క్వినే. ఆ వివేచన ఈ గ్రంథములో కానరాదు.

728లో విల్లిబ్రోర్డ్ తన పంచాంగపు అంచున ఒక చిన్న వాక్యము వ్రాసుకొన్నాడు. 690లో సముద్రము దాటి వచ్చితిననియు, అయోగ్యుడనైనను 695లో పోపు సెర్గియస్ చేత బిషప్పుగా అభిషేకింపబడితిననియు దాని భావము. అందులో అద్భుతములు లేవు, విజయములు లేవు. దైవజనుల చరిత్రలను వేదికపై వినిపించు కాపరులు ఈ రెండు స్వరములను పోల్చి చూడవలెను. ఓటమిని దాచిన చరిత్ర వినువారిని ఆశ్చర్యపరచగలదు గాని, ఓటమిలోనున్న సేవకుని బలపరచలేదు.