పండుగ పేరు: అర్థమా, అంకెయా?

పేరు వస్తువును గుర్తింపజేయును. మంచి పేరు దాని గుణమును గూడ తెలుపును. లూథరను సంఘముల పండుగ పేర్లను ఈ ప్రమాణముతోనే పరీక్షింపవలెను.

లెంటనబడు శ్రమకాలపు ఆదివారములకు ఆ సంఘములలో పూర్వమునుండి లాటిను పేర్లు కలవు: ఇన్వోకావిట్, రెమినిస్కెరె, ఓకులి, లేటారె, యూదికా. ఇవి ఆనాటి ప్రవేశగీతముల తొలిమాటలు. ఓకులి యనగా కన్నులు. లేటారె యనగా సంతోషింపుము. దుఃఖకాలము నడుమ సంతోషమునకొక దినము కలదని ఆ పేరే బోధించుచున్నది. జర్మనీలో ఈ పేర్లు నేటికిని వాడుకలోనున్నవి. అమెరికాలో 1978లో వెలువడిన ‘లూథరన్ బుక్ ఆఫ్ వర్షిప్’ వీనిని విడిచి, ‘లెంటులో నాలుగవ ఆదివారము’ వంటి తేట పేర్లను గ్రహించినది. త్రిత్వ పండుగ తరువాత లెక్కించుచు వచ్చిన ఆదివారములను పెంతెకొస్తు మొదలుకొని లెక్కించినది.

తేటదనము గుణమే. ప్రాచీనమైన ప్రతి పేరును నిర్దోషమనరాదు. ‘సెప్టువాజెసిమా’ యనగా డెబ్బదియవది. కాని యా ఆదివారము ఈస్టరునకు 63 దినములు ముందు వచ్చును. అట్టి పేరు పోయినందుకు చింతింపనక్కరలేదు. అయినను, ‘నాలుగవది’ యనుమాట వరుసను చెప్పునే కాని సంతోషమును చెప్పజాలదు. అర్థముకాని పేరు ఎంత నిష్ఫలమో, అర్థము లేని అంకెయు నంతే.

తెలుగునాట ఈ చిక్కునకు పరిష్కారము మునుపే దొరకినది. ఫాదరు హయ్యరు 1842లో గుంటూరు చేరిన పిదప పెరిగిన తెలుగు లూథరను సంఘములు భస్మ బుధవారము, మట్టల ఆదివారము, శుభ శుక్రవారము అను పేర్లను వాడుకచేసికొన్నవి. వీనిలో లాటిను లేదు, అంకెయు లేదు. ‘మట్టల ఆదివారము’ అనగానే పిల్లవాని కంటికి తాటిమట్టయో, కొబ్బరిమట్టయో కట్టును; యెరూషలేము వీధి వాని ఊరి వీధియగును. సంప్రదాయము చెడలేదు, తేటదనము కొఱవడలేదు.

ఆంధ్రదేశమునకు వెలుపల నివసించు మనకు ఈ విషయము మఱింత ముఖ్యము. మన పిల్లలు బడిలో ఒడియానో, కన్నడమునో, అరవమునో చదువుదురు. పండుగనాడు ‘పామ్ సండే’ యనుట వారికి సులభముగా నలవడును. ఆ పేరు తప్పు కాదు; కాని దానితో మట్ట చేతిలోనుండియు మాట నోటినుండి జారిపోవును. ఇంటిలో పెద్దలు పలికినంతకాలమే ఈ పేర్లు నిలుచును. లేటారెకును అట్టి తెలుగు పేరొకటి కుదిరిన నింకను మేలు.