పాత లాకులకు మరమ్మతు

ఒకే డిస్కు ఉంది. దాన్ని నాలుగు కంప్యూటర్లు ఒకేసారి వాడుకుంటున్నాయి. ఒకటి ఒక ఫైల్లో రాస్తుండగా ఇంకొకటి వచ్చి అదే చోట రాసిందంటే ఆ ఫైలు పాడవుతుంది, ఒక్కోసారి ఫైల్ సిస్టమ్ మొత్తం పాడవుతుంది. ఒకే కంప్యూటర్ లోపలైతే దీనికి మందు తేలిక. మెమొరీలో ఒక లాక్ పెడతాం, అది ఎవరికి దొరికితే వాళ్లు రాస్తారు, మిగతావాళ్లు ఆగుతారు. నాలుగు వేరువేరు యంత్రాలకు ఉమ్మడి మెమొరీ ఉండదు. వాటి మధ్య ఉన్నది నెట్‌వర్క్ ఒక్కటే. ఈ ఫైలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని అడిగితే నాలుగూ ఒకే జవాబు చెప్పేలా చూడటం డిస్ట్రిబ్యూటెడ్ లాక్ మేనేజర్ పని. లినక్స్ కెర్నల్‌లో ఫైల్ సిస్టమ్‌ల ఫోల్డర్ కింద డీఎల్ఎం అనే ఫోల్డర్‌లో ఆ కోడ్ ఉంటుంది. 2006 నవంబరులో విడుదలైన 2.6.19 వెర్షన్‌లో జీఎఫ్ఎస్2 ఫైల్ సిస్టమ్‌తో పాటు అది కెర్నల్‌లోకి వచ్చింది.

స్టోరేజి సాఫ్ట్‌వేర్‌తో బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ ఫోల్డర్‌తో నాకు పరిచయం ఎక్కువ. అందులో గత కొన్నేళ్లుగా జరుగుతున్న శుభ్రత పనిని దగ్గర నుంచి గమనిస్తున్నాను. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. కొత్తది కట్టినవాళ్ల గురించి పత్రికలు రాస్తాయి. వాడుకలో ఉన్న పాత కోడ్‌ను, వాడేవాళ్లకు తెలియకుండానే, లోపల నుంచి బాగుచేసేవాళ్ల గురించి రాయడం తక్కువ. ఈ వారం వాళ్ల పని గురించే.

ఈ ఆలోచన లినక్స్ కంటే పాతది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన వ్యాక్స్ కంప్యూటర్లను క్లస్టర్‌గా కలిపినప్పుడు, 1984లో వచ్చిన వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ 4వ వెర్షన్‌తో క్లస్టర్ అంతటికీ పనిచేసే లాక్ మేనేజర్‌ను అందించింది. వీఎంఎస్ మనకు దూరపు చుట్టం కాదు. సికింద్రాబాద్‌తో సహా ఐదు కేంద్రాలను కలుపుతూ నడిచిన మన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ ఆ కుటుంబపు యంత్రాల మీదే పనిచేసింది. ఒకే బెర్తు ఇద్దరికి పడకూడదన్న పట్టింపు ఎంత పెద్దదో, రిజర్వేషన్ క్యూలో నిలబడినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

లినక్స్ డీఎల్ఎంలో వీఎంఎస్ పోలికలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. లాక్‌ను పట్టుకునే తీరులు అక్కడా ఆరే, ఇక్కడా ఆరే: నల్, కాంకరెంట్ రీడ్, కాంకరెంట్ రైట్, ప్రొటెక్టెడ్ రీడ్, ప్రొటెక్టెడ్ రైట్, ఎక్స్‌క్లూజివ్. చదవడానికి పట్టుకున్నవాళ్లు ఎంతమందైనా కలిసి ఉండవచ్చు. ఎక్స్‌క్లూజివ్ దొరికినవాడి పక్కన నల్ తప్ప ఏదీ నిలవదు. ఇందులో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. పని అయిపోయినా యంత్రం లాక్‌ను వెంటనే వదిలిపెట్టదు, తన దగ్గరే ఉంచుకుంటుంది. మళ్లీ అదే ఫైలు కావాల్సివస్తే నెట్‌వర్క్ దాకా వెళ్లే పని ఉండదు. ఇంకెవరైనా అడిగినప్పుడు మాత్రం, ఈ లాక్ కోసం ఒకరు ఆగి ఉన్నారని దానికి కబురు వెళుతుంది. అప్పుడది తన దగ్గర రాసిపెట్టుకున్న మార్పులను డిస్కుకు చేర్చి లాక్ వదులుతుంది. క్లస్టర్ ఫైల్ సిస్టమ్ వేగం చాలావరకు ఈ కబురు మీదే ఆధారపడి ఉంది.

చిక్కులూ ఇక్కడే మొదలవుతాయి. రెండు యంత్రాలు ఒకే ఫైలును చదవడానికి లాక్ పట్టుకున్నాయి. రెండింటికీ రాయాల్సిన అవసరం వచ్చింది, రెండూ తమ లాక్‌ను ఎక్స్‌క్లూజివ్‌గా మార్చమని అడిగాయి. మొదటిది వదిలితేనే రెండోదానికి దక్కుతుంది, రెండోది వదిలితేనే మొదటిదానికి దక్కుతుంది. రెండూ వదలవు. డీఎల్ఎం దీన్ని కనిపెట్టి ఒకదానికి డెడ్‌లాక్ అని జవాబిస్తుంది. అడిగినవాడు ముందే ఒప్పుకొని ఉంటే, అతని లాక్‌ను నల్‌కు దించి దారి తెరుస్తుంది. ఇదంతా కొద్ది లైన్ల కోడ్. ఆ కొద్ది లైన్లను కదిలించాలంటే క్లస్టర్‌లో ఎవరెవరు ఏ ఒప్పందం మీద లాక్ తీసుకుంటున్నారో తెలిసి ఉండాలి.

అసలు బరువంతా రికవరీలో ఉంది. లాక్ వేయదగిన ప్రతి వస్తువుకూ క్లస్టర్‌లో ఒక నోడ్, అంటే ఒక యంత్రం, మాస్టర్‌గా ఉంటుంది. లాక్‌ల క్యూలు దాని దగ్గర ఉంటాయి. ఏ వస్తువుకు మాస్టర్ ఎవరో గుర్తుపెట్టుకునే పని, ఆ వస్తువు పేరు నుంచి లెక్కకట్టిన ఇంకో నోడ్‌ది. ఇప్పుడు ఒక నోడ్ కరెంటు పోయి చచ్చిపోయిందనుకోండి. అది మళ్లీ డిస్కును ముట్టుకోకుండా ముందు దాన్ని వెలివేయాలి. మిగిలినవాళ్లు కొత్త లాక్‌లు ఇవ్వడం ఆపాలి. ఎవరెవరు మిగిలారో ఒకే మాట మీదికి రావాలి. మాస్టర్ల చిట్టాను మళ్లీ రాసుకోవాలి. చచ్చిన నోడ్ మాస్టర్‌గా ఉన్న వస్తువులకు కొత్త మాస్టర్లు కావాలి, ఆ కొత్త మాస్టర్లకు ప్రతివాళ్లూ తమ దగ్గరున్న లాక్‌ల వివరాలు పంపాలి. చచ్చిన నోడ్ పేరు మీదున్న లాక్‌లను తుడిచెయ్యాలి. ఆ తర్వాతే ఆగినవాళ్లకు లాక్‌లు ఇవ్వడం. ఇది సగంలో ఉండగా మరో నోడ్ పోతే అంతా మొదటికొస్తుంది. పోయిన విడత రికవరీకి పంపిన సందేశం ఈ విడతలో ఆలస్యంగా వస్తే, దాన్ని గుర్తుపట్టి పారేయాలి. పక్క నోడ్ రికవరీ ముగించుకుని మామూలు పనిలో పడి, నేనింకా రికవరీలో ఉండగానే నాకు సందేశం పంపితే, దాన్ని పారేయకూడదు, దాచిపెట్టి తర్వాత చూడాలి.

కోడ్‌లో వింతగా కనిపించే ప్రతి షరతు వెనకా ఇలాంటి ఘడియ ఒకటి ఉంటుంది. ఈ షరతు ఎందుకుందో అర్థం కాలేదు కాబట్టి తీసేస్తున్నానని అనడానికి ఈ ఫోల్డర్‌లో తావు లేదు. ఇక్కడ శుభ్రత అంటే, పాతవాళ్లు మనసులో పెట్టుకుని రాసిన హామీలను ఒక్కొక్కటిగా బయటికి తీసి, వాటిని యంత్రమే తనిఖీ చేయగలిగే రూపంలో మళ్లీ రాయడం. ఈ మాటను నేను గట్టిగా నమ్ముతాను. నమ్మించినవి కొన్ని మార్పులు.

2022లో జరిగినది చూడండి. క్లస్టర్‌లో నోడ్‌లు పంపుకునే సందేశాల్లోని అంకెలు లిటిల్ ఎండియన్ పద్ధతిలో, అంటే చిన్న బైటు ముందు వచ్చే వరుసలో ప్రయాణిస్తాయి. కొన్ని ప్రాసెసర్లు లోపల దానికి తలకిందుల వరుసలో అంకెలు దాచుకుంటాయి. అందుకని పాత కోడ్, సందేశం రాగానే దాన్ని ఉన్నచోటే తనకు తగ్గ వరుసలోకి మార్చేది, పంపేముందు మళ్లీ తిరగేసేది. మార్చకముందూ మార్చిన తర్వాతా ఆ అంకెల టైపు ఒకటే. ఫలానా ఫంక్షన్ చేతిలో ఉన్న అంకె ఇప్పుడు ఏ వరుసలో ఉందో కోడ్ చూసి చెప్పలేం, రాసినవాళ్లకు గుర్తుండాలి. శుభ్రం చేసినవాళ్లు ఆ ఉన్నచోట మార్చే ఫంక్షన్లను తీసేసి, సందేశంలోని ప్రతి అంకెకూ అది లిటిల్ ఎండియన్ అని టైపులోనే రాశారు. వాడుకునే చోట మాత్రమే మార్చుకోవాలి. ఎవరైనా మరిచిపోతే స్పార్స్ పట్టుకుంటుంది. స్పార్స్ అన్నది ఇలాంటి పొరపాట్ల కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన తనిఖీ సాధనం. ఈ మార్పుతో వాడేవాళ్లకు కొత్తగా వచ్చినదేమీ లేదు. ఒక జాతి బగ్గులు మళ్లీ రాకుండా తలుపు మూసుకుంది.

ఫ్లాగుల సంగతి ఇంకా చిక్కనిది. ఒక్కో లాక్‌కూ 32 బిట్ల ఫ్లాగుల మాట (వర్డ్) ఒకటి ఉండేది. అందులో కింది 16 బిట్లు నెట్‌వర్క్ మీద అవతలి నోడ్‌కు వెళ్లేవి, పై 16 బిట్లు ఈ నోడ్ సొంత లెక్కలు. సందేశం వచ్చినప్పుడు పైసగం అలాగే ఉంచి, కిందిసగం సందేశం నుంచి తీసుకుని అతికించేవాళ్లు. పనిచేసేది. కానీ సొంత లెక్కల బిట్లను మార్చేవాళ్లూ, సందేశం బిట్లను మార్చేవాళ్లూ ఒకే మాటను చదివి మార్చి తిరిగి రాస్తుంటే, ఇద్దరూ ఒకే మెమొరీ లాక్ కింద పనిచేస్తున్నారన్న హామీ ఎక్కడ రాసి ఉంది? 2023లో ఆ మాటను రెండుగా విడదీశారు. ప్రయాణించేవి ఒకచోట, ఇంట్లో ఉండేవి ఒకచోట. ఒక బిట్టు మార్చడం పక్క బిట్టును చెరపకుండా అటామిక్‌గా జరిగేలా చేశారు. పేరు చూడగానే ఏది గడప దాటుతుందో, ఏది దాటదో ఇప్పుడు తెలుస్తుంది.

సందేశాల రవాణాలోనూ ఇలాంటి హామీ ఒకటి దాగి ఉండేది. టీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఉంది కాబట్టి పంపినది చేరుతుందని చాలామంది అనుకుంటాం. టీసీపీ ఇచ్చే హామీ ఆ కనెక్షన్ ఉన్నంతవరకే. కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తే, మధ్యలో ఉన్నవి చేరాయో లేదో అది చెప్పదు. లాక్ అడిగిన సందేశం అలా పోతే, అడిగినవాడు ఎప్పటికీ ఆగే ఉంటాడు. 2021లో 5.14 వెర్షన్‌తో డీఎల్ఎం తన సందేశాలకు తానే వరుస సంఖ్యలు వేసుకుని, అందినట్టు జవాబు వచ్చేదాకా దాచుకుని, కనెక్షన్ మళ్లీ కలిశాక అందనివి తిరిగి పంపడం నేర్చుకుంది. ఇక్కడ మరో సంకటం. క్లస్టర్‌ను ఎవరూ ఒక్కసారిగా ఆపి అప్‌గ్రేడ్ చేయరు, ఒక్కో నోడ్ చొప్పున చేస్తారు. అందుకే కొత్త కోడ్ పాత నోడ్‌తో పాత పద్ధతిలోనే మాట్లాడాలి. ఆ జాగ్రత్త కూడా ఆ మార్పులో భాగమే.

తీసేయడం అన్నిటికన్నా కష్టం. లాక్ అడిగి ఫలానా సమయంలో రాకపోతే హెచ్చరించే, రద్దుచేసే టైమౌట్ ఏర్పాటు డీఎల్ఎంలో ఉండేది. దాన్ని 2022లో ముందు పాతబడినదిగా ప్రకటించి, మామూలుగా బిల్డ్ చేస్తే రాకుండా, కావాలంటే ఆన్ చేసుకునేలా పెట్టారు. వాడేవాళ్లెవరైనా ఉంటే మాట్లాడే వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే కోడ్ నుంచి తొలగించారు. యూజర్ ప్రోగ్రామ్‌లను విరగ్గొట్టకూడదన్నది కెర్నల్‌లో గట్టి నియమం. తొలగించే హక్కు ఇలా ఓపికతో సంపాదించుకోవాలి.

ఈ పనిలో నాకు ఒక పట్టుదల ఉంది. వేరియబుల్ పేర్లు అందంగా మార్చడం, ఖాళీలు సర్దడం, లైన్లు విరవడం శుభ్రత పేరుతో వస్తే నేను ఒప్పుకోను. ఒక లైను ఎప్పుడు, ఎందుకు వచ్చిందో వెతికేవాళ్లకు అలాంటి ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) దారి మూసేస్తాయి. పాత వెర్షన్లకు బగ్గుల సవరణలు తీసుకెళ్లేవాళ్లకు అడ్డంపడతాయి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరపడం ఒక ప్యాచ్, జరిపినదాన్ని మార్చడం ఇంకో ప్యాచ్. ప్రతి ప్యాచ్ తర్వాతా కెర్నల్ కంపైల్ కావాలి, నడవాలి. అప్పుడే రేపు ఒక బగ్గు బయటపడితే, ఏ ప్యాచ్‌తో వచ్చిందో సగానికి సగం తగ్గిస్తూ వెతికి పట్టుకోగలం. ఇక ప్యాచ్‌తో రాసే నాలుగు మాటల్లో ఏం చేశామన్నది కోడే చెబుతుంది, ఎందుకు చేశామన్నది మనమే చెప్పాలి.

పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్ అనే తనిఖీ సాధనం 2006 నుంచి కెర్నల్‌లో ఉంది. లాక్‌లు తీసుకునే వరుసలో తేడా వస్తే, డెడ్‌లాక్ నిజంగా జరగకముందే చెబుతుంది. కానీ దాని చూపు ఆ ఒక్క యంత్రం వరకే. అవతలి నోడ్‌లో ఎవరు ఏ లాక్ పట్టుకుని ఎదురుచూస్తున్నారో దానికి తెలియదు. అందుకే క్లస్టర్ కట్టి, పని నడుస్తుండగా నెట్‌వర్క్ తెంపాలి, నోడ్‌ను చంపాలి, రికవరీ మధ్యలో ఇంకో నోడ్‌ను చంపాలి. పరీక్ష ఒకసారి బాగా నడిచిందంటే నాకు నమ్మకం కుదరదు. రాత్రంతా నడవాలి.

ఇంత పట్టింపు అవసరమైన ఈ ఫోల్డర్‌కు మెయింటెయినర్లుగా ఉన్నది ఇద్దరు. దాని మీద జీఎఫ్ఎస్2 ఉంది, క్లస్టర్లలో డిస్కు స్థలాన్ని పంచే ఎల్‌వీఎం ఉంది, వాటి మీద ఎందరెందరి లెక్కలో ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ స్టోరేజి మీద పనిచేసే కంపెనీల్లో తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మేనేజర్లను నేను అడిగేది ఇదే: ఏడాది చివర పనితీరు లెక్కవేసేటప్పుడు, కొత్త ఫీచర్ల పక్కన తీసేసిన కోడ్‌కూ, మూసేసిన బగ్గుల జాతికీ ఒక గడి పెట్టండి. ఇతరుల ప్యాచ్‌లు చదివి తప్పులు చూపినవారి సమయాన్ని కూడా పనిగా లెక్కించండి.

కెర్నల్ నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు, అమ్మాయిలకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లో రెండు మూడు వర్చువల్ మెషీన్లు పెట్టి, కోరోసింక్, డీఎల్ఎం కంట్రోల్ డీమన్ అనే ప్రోగ్రామ్‌లు ఎక్కిస్తే మీకొక చిన్న క్లస్టర్ తయారవుతుంది. ఒక నోడ్‌ను ఆపి, మిగతావాటి లాగ్‌లో రికవరీ అడుగులను కోడ్ పక్కన పెట్టుకుని వరుసగా చదవండి. ప్యాచ్ పంపే తొందర వద్దు. మొదట ఇతరులు పంపిన ప్యాచ్‌లను మీ క్లస్టర్ మీద నడిపి, ఏం చూశారో రాసి పంపండి. ఆ ఇద్దరు మెయింటెయినర్లకు ఇప్పుడు ఎక్కువగా కావాల్సింది అదే.