ఎర్రపండు నేర్పే నాణ్యత

డిసెంబరు చలిలో అరకు కొండల మీద కాఫీ పండు కోసే ఓ తల్లి చేతిని ఒక్కసారి దగ్గరగా చూడండి. గుత్తిలో ఇరవై కాయలుంటే, బాగా ఎరుపెక్కిన ఏడెనిమిదింటినే ఆ వేళ్లు తెంపుతాయి. పక్కనే ఆనుకుని ఉన్న పచ్చికాయకు గోరు కూడా తగలదు. దానికోసం పది పదిహేను రోజుల తర్వాత మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. కొమ్మ పట్టుకుని దూసేస్తే పని ఒక్క పూటలో తెమిలిపోతుంది. అయినా ఆ తల్లి దూయదు. నాణ్యత మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆ వేళ్ల ముందు దిగదుడుపే!

నాణ్యత నిర్వహణ అనగానే మనకు జపాన్ కార్ల సంస్థ టొయోటా, దాని కైజెన్ పద్ధతి గుర్తొస్తాయి. తప్పును పుట్టిన చోటే పట్టుకోవాలి, నిన్నటికన్నా ఇవాళ కాస్త మెరుగుపడాలి. ఆ పద్ధతి సారమంతా ఇదే. మన గిరిజన రైతు ఆ పని చెట్టు దగ్గరే మొదలుపెడతాడు.

కాఫీ ఈ కొండలకు 1898లో పాములేరు లోయ దారిన వచ్చిందంటారు. తర్వాత కాఫీ బోర్డు, పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అండతో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్యన తోటలు పెరిగాయి.

అసలు విద్య పండు కోశాకే ఉంది. పండ్లను నీళ్లలో పోస్తారు. తేలినవి పక్కకి, మునిగినవి పల్పింగ్‌కి. తొక్క ఊడిన గింజను పైనున్న జిగురు విడేదాకా పులియబెడతారు. ఇక్కడ గడియారాన్ని నమ్మడానికి లేదు. చలి ముదిరితే పులియడం ఆలస్యమవుతుంది. అందుకే తొట్టిలోంచి గుప్పెడు గింజలు తీసి నలిపి చూస్తారు. జారితే ఇంకా కాలేదు. గులకరాళ్లలా గరగరలాడితే అప్పుడు కడగాలి. తొందరపడితే జిగురు మిగులుతుంది, ఏమరితే కంపు పడుతుంది. ఆ తర్వాత ఎత్తు మంచెల మీద పలచగా ఆరబోసి, మాటిమాటికీ కలియదిప్పుతూ, రాత్రి మంచు తగలకుండా కప్పుతూ తేమను 11 శాతం దగ్గరికి దించుతారు.

ఈ శ్రమకు అద్దం పట్టింది నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ. 2009 నుంచి 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో పోటీలు పెట్టి, విదేశీ రుచి నిపుణులను కొండకు రప్పించింది. కప్పులో ఉన్నది ఎవరి కాఫీయో వాళ్లకు తెలియదు. చెంచాతో జుర్రున పీల్చి, వందకు మార్కులు వేస్తారు. 80 అందుకుంటే స్పెషాలిటీ కాఫీ. తన గింజ ఎక్కడ గెలిచిందో, ఎక్కడ తప్పిందో రైతుకు తెలిస్తే మరుసటి ఏడు కోత మారుతుంది, తొట్టి దగ్గర కాపలా మారుతుంది. నిరంతర మెరుగుదల అంటే ఇంతకన్నా ఏముంది? ఆ కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2018లో అక్కడే ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం కొట్టింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరి మనం? ఆ పేరును అంగట్లో పెట్టి అమ్ముకుంటున్నాం. లోయ చూడటానికి వెళ్లిన ప్రతిసారీ నా కడుపు మండుతుంది. ఊరూ పేరూ లేని పొట్లం మీద 'అరకు' అన్న అక్షరాలు, లోపల చికోరీ వాసన. చికోరీ 49 శాతం దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఎంత కలిపారో పైన రాసి తీరాలి. అది దాచినవాడు కొనేవాడినే కాదు, నాలుగుసార్లు కొండెక్కి కోసిన చేతినీ మోసం చేస్తున్నాడు. ఎర్రపండుకూ పచ్చికాయకూ ఒకే ధర కట్టే దళారి అంతకన్నా పెద్ద ద్రోహి. ధరలో తేడా లేనప్పుడు ఏరి కోయడం దేనికని రైతు అనుకుంటే తప్పెవరిది? పదిహేనేళ్ల సాధన ఒక్క సీజనులో మట్టి కొట్టుకుపోతుంది.

అందుకే చేతులెత్తి అడుగుతున్నాను. పొట్లం తిప్పి చదవండి. చికోరీ ఎంతో, గింజ ఏ ఊరిదో దుకాణదారుని నిలదీయండి. మంచి కాఫీకి పది రూపాయలు ఎక్కువైనా పెట్టండి. ఆ పచ్చికాయ మరో పదిహేను రోజులు కొమ్మ మీద నిలవాలంటే, దాని ఖరీదు కట్టాల్సింది మనమే.