చూడటం నేర్చిన చేతులు

విజయవాడలో ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ నడుమ గవర్నర్‌పేట. బీసెంట్ రోడ్డు రద్దీలో పిల్లల బట్టలు, బొమ్మలు కొనే తల్లిదండ్రులకు కొదవ లేదు. పిల్లల్ని చూడటమే వృత్తిగా చేసుకున్నవాళ్లను మాత్రం ఎవరూ తలవరు. నేను చెబుతున్నది అంగన్‌వాడీ టీచర్ గురించి.

మూడేళ్ల పిల్ల పలక మీద గుండ్రం గీస్తుంది. చతురస్రం రావడానికి సుమారు మరో ఏడాది పడుతుంది. ఈ సంగతి తెలిసిన టీచర్ తొందరపెట్టదు, పోల్చి నొప్పించదు. చంటివాడి జబ్బకు టేపు చుడుతుంది. కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గిందా, అది తీవ్రమైన పోషకాహార లోపం. తల్లిని తప్పుపట్టకుండా ఆ మాట చెప్పి ఆసుపత్రికి పంపడంలోనే ఆమె నేర్పంతా ఉంది. అది కొలతకన్నా కష్టమని నా నమ్మకం.

ఈ నేర్పు వెనక ఒక శాస్త్రం ఉంది. గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ కళాశాలలో మానవ అభివృద్ధి, కుటుంబ అధ్యయనాలు ఒక ప్రత్యేక విభాగం. ఒకప్పుడు హోమ్ సైన్స్ అంటే వంటా కుట్టూ అని తేలికచేసిన చదువులో భాగమే ఇది. గర్భస్థ శిశువు నుంచి వృద్ధాప్యం దాకా మనిషి ఎదుగుదలను, ఆ మనిషిని మోసే కుటుంబాన్ని కలిపి చూస్తుంది. 1975 అక్టోబరు 2న మొదలైన, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ఆ చూపునే వాడవాడకూ తెచ్చింది.

ఇంటర్ అయిన మీ అమ్మాయికీ, అబ్బాయికీ కూడా కమ్యూనిటీ సైన్స్ కోర్సు పేరు ఒక్కసారి చెప్పండి.