సంక్లిష్టవ్యవస్థాశాస్త్రమున లఘుగ్రంథములు

చీమలు పుట్ట కట్టుట, విపణిలో ధరలు హెచ్చుతగ్గులగుట, అంటువ్యాధి ఊరూర వ్యాపించుట - వీనినన్నిటి నొకేదృష్టితో పరీక్షింపబూనినది సంక్లిష్టవ్యవస్థాశాస్త్రము. అవయవముల గుణములను విడివిడిగా నెఱిగినంతమాత్రమున సముదాయగుణము తెలియరాదనుట దీని మూలసిద్ధాంతము. ఇందుకొఱకే 1984లో అమెరికాలోని శాంటా ఫే నగరమున నొక పరిశోధనసంస్థ వెలసెను. ఇప్పుడు స్ప్రింగర్ ప్రకాశకులు ‘స్ప్రింగర్ బ్రీఫ్స్ ఇన్ కాంప్లెక్సిటీ’ యను లఘుగ్రంథమాల నీ శాస్త్రమున ప్రకటించుచున్నారు. ‘బ్రీఫ్స్’ గ్రంథములకు పరిమితి 50 మొదలు 125 పుటలు.

లాఘవము దోషము కాదు. పి. డబ్ల్యు. ఆండర్సన్ 1972లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన ‘మోర్ ఈజ్ డిఫరెంట్’ నాలుగుపుటల వ్యాసమే. ప్రతిజ్ఞ యొక్కటి యగుటచే నది చాలినది. కాని శాస్త్రమునంతయు కుదించుట వేఱు.

పాణిని సుమారు 4000 సూత్రములలో వ్యాకరణమును బంధించెను. ఆ లాఘవ మూరక రాలేదు. ‘అచ్చు’ అనగానే స్వరములన్నియు స్ఫురించుటకు మాహేశ్వరసూత్రములు ముందే కంఠస్థములు కావలెను. పూర్వసూత్రపదము పరసూత్రమున కనువర్తించునని తెలిసియుండవలెను. సూత్రకారుడు మిగిల్చిన ప్రతిమాత్రకును మూల్యము చెల్లించువాడు అధ్యేత. అంతచేసియు వృత్తిభాష్యములు తప్పలేదు.

సంక్లిష్టశాస్త్రపాఠకులలో నొకడు భౌతికశాస్త్రజ్ఞుడు, ఒకడు జీవశాస్త్రజ్ఞుడు, మఱియొకడు అర్థశాస్త్రజ్ఞుడు. వీరికి సమానసంజ్ఞ లేవి? సంక్లిష్టతను కొలుచు మానములనే సేథ్ లాయిడ్ 2001లో సుమారు 40 పేర్కొనెను! అవియును సమగ్రము కావని యాతడే చెప్పెను. ఇట్టిచోట గ్రంథకర్త పుటలు మిగుల్చుకొనగోరి సంజ్ఞాప్రకరణమును కుదించెనేని, అది లాఘవము గాదు, అస్పష్టతయే. ప్రకాశకులు ప్రకరణములను విడివిడిగాగూడ విక్రయించుచున్నారు. మూడవప్రకరణమును మాత్రమే కొన్నవానికి మొదటిదానినుండి యనువృత్తి యెట్లు లభించును?

ఇందుకు దృష్టాంత మీ శాస్త్రమందే కలదు. హెర్బర్ట్ సైమన్ 1962లో ఇద్దఱు గడియారపుపనివాండ్ర కథ చెప్పెను. గడియారమునకు వేయి భాగములు. ఒకడు వేయింటిని నేకధాటిగా కూర్చును. నడుమ నెవరైన పిలిచిరా, కూర్చినదంతయు విడిపోవును. రెండవవాడు పదేసిభాగములను చెదరని ముక్కలుగా ముందు బిగించుకొనును. పిలుపు వచ్చినను వానికి నష్టము స్వల్పము. లఘుగ్రంథ మీ రెండవవాని ముక్కవలె తనంత నిలువవలెను. ‘సముదాయగుణ’మను మాట గ్రంథమం దేయర్థమున వాడబడినదో, ఏ గణితము తెలిసినవాడు చదువదగునో, మొదటి పుటలలోనే చెప్పవలెను. దానికై పది పుటలు పోయినను 125కు లోబడి గ్రంథము నడచును.